అనంతపురం శివారులో మా కాలనీ పార్కు: పచ్చిక ఉంది, నీడ లేదు

వాన పడిన రోజులు మినహా (మా అనంతపురంలో అవి ఎన్నో ఉండవు) ఏడాదిగా ప్రతి ఉదయం మా కాలనీ పార్కుకు వెళుతున్నాను. దానికి ఐదు మార్కులకు మూడు వేస్తాను. వాకింగ్ ట్రాక్ చదునుగా ఉంటుంది, ఐదున్నరకే గేటు తెరుస్తారు, వాచ్‌మన్ మర్యాదస్తుడు.

తగ్గించిన రెండు మార్కులూ పార్కును నడిపే తీరుకు కాదు, దాన్ని తలపెట్టిన తీరుకు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే చోట పార్కంతా లాన్ పరిచారు. బోరులో నీరు తగ్గగానే, మార్చి నెలాఖరుకల్లా అది ఎండుగడ్డిగా మారుతుంది, ఆపైన ట్యాంకర్ల ఖర్చు మొదలవుతుంది. అదే డబ్బుతో కానుగ, వేప మొక్కలు నాటి, రెండు మూడు వేసవులు నీళ్లు పోసి కాపాడి ఉంటే, తర్వాత అవి తమ బతుకు తాము బతికేవి. ఇప్పుడు ఉన్న నీడంతా ఒకే ఒక్క వేపచెట్టుది. అది కూడా లేఅవుట్ వేయకముందు పొలం గట్టున ఉన్నదే. ఇనుప జారుడుబల్లను వేసవి సెలవుల్లో పది దాటాక పిల్లలు తాకలేరు. చల్లగాలి మొదలయ్యే రాత్రి ఎనిమిదింటికి గేటు మూసేస్తారు.

ఇది ఒక్క కాలనీ సంగతి కాదు. లేఅవుట్ స్థలంలో పది శాతం ఖాళీగా వదలాలన్న నిబంధన మంచిదే కానీ, ఎవరి లేఅవుట్‌లో వారు ఇళ్ల స్థలాలకు పనికిరాని మూలను వదలడంతో, ఊరు పెరిగేకొద్దీ చిన్న చిన్న ముక్కలే మిగులుతాయి. 2014 నాటి కేంద్ర పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు 5,000 మందికి అర హెక్టారు, 15,000 మందికి ఒక హెక్టారు, లక్ష మందికి ఐదు హెక్టార్ల చొప్పున పార్కులు ఉండాలంటాయి. మూలల్లోని ముక్కలు ఎన్ని కూడినా ఐదు హెక్టార్ల మైదానం కాదు. ఆ స్థలాన్ని పొలాలు ప్లాట్లుగా మారకముందే గుర్తించి పక్కన పెట్టుకోవాలి. క్రికెట్ ఆడే కుర్రాళ్లు మా ట్రాక్ మీదికి రావడానికి కారణం అలాంటి మైదానం లేకపోవడమే, వారిని తిట్టి లాభం లేదు.

వేసవిలో వచ్చేవారు ఉదయం ఏడు లోపే రావాలి, నీళ్ల సీసా వెంట తెచ్చుకోవాలి. వేపచెట్టు కింది బల్ల మాత్రం ఆరున్నరకే నిండిపోతుంది.