గొడ్డలి పడిపోతే దేవుడున్నట్టు

మా పాపకి జపాన్ దయ్యాల పిచ్చి. మా తమ్ముడు టోక్యోలో ఉంటాడు కాబట్టి ఈసారి సెలవులకి అక్కడికే వెళ్లి, చెట్లనీ దయ్యాలనీ వెతుక్కుంటూ మూడు చోట్లు తిరిగాం.

మొదటిది తకావో కొండ. షింజుకు నుంచి కేయో లైన్ రైల్లో గంటలోపు ప్రయాణం, పూట పని. ఎక్కే దారిలో తకో సుగి అనే పెద్ద చెట్టుంది. సుగి అంటే జపాన్ దేవదారు, తకో అంటే ఆక్టోపస్. గుడికి దారి వేస్తుంటే వేళ్లు అడ్డొచ్చాయట, చెట్టు కొట్టేద్దామనుకున్నారట. తెల్లారేసరికి చెట్టే వేళ్లు వెనక్కి ముడుచుకుందని కథ. నిజంగానే కాళ్లు ముడుచుకుని కూర్చున్న ముసలమ్మలా ఉంటుంది. ఆదివారం మాత్రం వెళ్లకండి, తిరుమల క్యూ గుర్తొస్తుంది.

రెండోది సకాయిమినాతో, దయ్యాల మంగాలు (జపాన్ కామిక్స్) గీసిన మిజుకి షిగేరు పెరిగిన ఊరు. స్టేషన్ నుంచి దాదాపు 800 మీటర్ల వీధి పొడవునా 170కి పైగా కంచు దయ్యాలు. పక్క ఊరు యొనాగో నుంచి వచ్చే రైలు పెట్టెల మీదా అవే బొమ్మలు. పిల్లలకి పండగే. పెద్దవాళ్లకి రెండు గంటలు ఎక్కువ, ఆ తర్వాత మిగిలేవి షాపులే. మేం బస యొనాగోలో పెట్టుకున్నాం, మంచిదైంది.

ఇక యాకుషిమా దీవి. కగోషిమా నుంచి స్పీడ్ బోటు రెండు మూడు గంటలు, రానూపోనూ మనిషికి ఇరవై వేల యెన్లు దాటింది. దీవిలోని ఆన్‌బో అనే ఊళ్లో ఒక కుటుంబం నడిపే చిన్న బసలో దిగాం. గోడలు పల్చన, పక్క గదిలో గురక మన గదిలోనే ఉన్నట్టుంటుంది. కానీ వేడినీళ్ల తొట్టి, పొద్దున్న నాలుగింటికల్లా చేతిలో పెట్టిన భోజనం డబ్బా, ఈ రెండింటికీ పూర్తి మార్కులు. రాత్రి రెక్కలు విప్పినట్టే వేయించిన ఎగిరే చేప పెట్టారు. మా ఆవిడ శాకాహారి. ఆమెకి మూడు రోజులూ అన్నం, టోఫు, మనం తీసుకెళ్లిన ఆవకాయ.

అందరూ చూడమనే జోమోన్ సుగి అనే పాత చెట్టుకి రానూపోనూ 22 కిలోమీటర్లు, పదిగంటల నడక. సగానికి పైగా పాత కలప రైలు పట్టాల మీదే. చివరికి చెట్టుని దూరంగా చెక్క అరుగు మీంచి చూడాలి, దగ్గరికి పోనివ్వరు. వేళ్లు పాడవకుండా అట, సబబే. అయినా నాకు ఆశాభంగమే. అద్దెకి తెచ్చుకున్న వానకోటు కుట్ల దగ్గర కారి, లోపలి చొక్కా తడిసిపోయింది. వానకోటు అద్దెకి తీసుకుంటే షాపులోనే తిరగేసి చూసుకోండి.

మర్నాడు వెళ్లిన షిరాతాని లోయ కోసం మాత్రం మళ్లీ వెళ్తాను. మియానౌరా నుంచి బస్సు, లోపలికి 500 యెన్లు. 1997లో జిబ్లీ స్టూడియో తీసిన యానిమేషన్ సినిమా 'ప్రిన్సెస్ మోనోనొకే'లోని అడవికి స్ఫూర్తి ఇదే. నేల, రాయి, మొద్దు, అన్నిటి మీదా నాచు. వేలు పెడితే తడి స్పాంజిలా కిందికి దిగి, తీయగానే మెల్లగా పైకి లేస్తుంది.

చెట్టులో ఉండే ఆత్మని వీళ్లు కొడమా అంటారు. మన చింతచెట్టు దయ్యంలా మనుషుల్ని పట్టుకోవడం దీని పని కాదు. 1776లో తోరియామ సెకియెన్ అచ్చువేసిన దయ్యాల బొమ్మల పుస్తకంలో కొడమాని చెట్టు పక్కన నిలబడిన ముసలి దంపతులుగా గీశాడు. వందేళ్లు దాటిన చెట్టులో దేవుడు చేరతాడని పక్కనే రాశాడు. అలాంటప్పుడు ఈ దీవిలో ఇన్ని నరికిన మొద్దులు ఎందుకున్నాయి?

నాలుగు వందల ఏళ్ల కిందట దీవివాళ్లు ఈ చెట్లని ముట్టేవాళ్లు కాదట. ఆన్‌బోకి చెందిన తొమారి జోచికు అనే పండితుడు కొండలో దీక్ష చేసి వచ్చి, దేవుడు ఒప్పుకున్నాడని చెప్పాడట. కొట్టబోయే చెట్టుకి రాత్రి గొడ్డలి ఆనించి వెళ్లాలి. పొద్దున్నకి పడిపోయి ఉంటే అది దేవుడి చెట్టు, వదిలేయాలి. నిలబడే ఉంటే కొట్టొచ్చు. ఆ కలపతో పైకప్పు పలకలు చీల్చి, బియ్యం బదులు పన్నుగా కట్టేవారు.

"నాన్నా, గాలికి పడిపోతే?" అంది పాప. నా దగ్గర జవాబు లేదు.

పలకలకి తిన్నటి మాను కావాలి. అందుకే నిటారుగా ఉన్నవి పోయి, బుడిపెలూ వంకరలూ ఉన్నవి బతికాయి. జోమోన్ సుగి కూడా అలా మిగిలిందే. ఇక్కడి సుగి కలపలో జిగురు ఎక్కువ, అప్పుడు కొట్టిన మొద్దులు ఇంకా కుళ్లలేదు. వాటి నెత్తిన కొత్త చెట్టు మొలిచి వేళ్లు కిందికి జారవిడిచింది. కింద మొద్దు మీద పాత గొడ్డలి కోత, పైన పచ్చటి చెట్టు. అక్కడ మేం అరగంట కూర్చున్నాం.

కొడమా అంటే ప్రతిధ్వని అని కూడా అర్థం, ప్రతి స్టేషన్లోనూ ఆగే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) పేరూ అదే. తిరుగు ప్రయాణంలో పాప పట్టుబట్టి ఒసాకా నుంచి దానికే టికెట్ కొనిపించింది. రెండున్నర గంటల్లో చేరాల్సింది నాలుగు గంటలు పట్టింది. టోక్యోలో తమ్ముడు ప్లాట్‌ఫాం మీద నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.