బిల్డ్ పాసైంది, ఎక్సీ తెరుచుకోలేదు: పైఇన్‌స్టాలర్ హుక్స్ సమీక్ష

పైథాన్ లేని కంప్యూటర్లో పైథాన్ స్క్రిప్టు నడవాలంటే ఎక్కువమంది పట్టుకునేది పైఇన్‌స్టాలర్‌నే, స్క్రిప్టును, అది వాడే మాడ్యూళ్లను కలిపి ఎక్సీగా (నేరుగా నడిచే ఫైలుగా) కట్టే సాధనం. మామూలు స్క్రిప్టులకు హుక్స్ (ఏం కలపాలో పైఇన్‌స్టాలర్‌కు చెప్పే చిన్న పైథాన్ ఫైళ్లు) ఊసే రాదు. ప్లగిన్లు (ప్రోగ్రాముకు తగిలించే అదనపు మాడ్యూళ్లు) లోడ్ చేసే ప్రోగ్రాము దగ్గరే పైఇన్‌స్టాలర్ సత్తా తేలేది.

పైఇన్‌స్టాలర్ మీ కోడును నడిపి చూడదు, బైట్‌కోడ్ (కోడు కంపైలయ్యాక వచ్చే రూపం) చదివి ఇంపోర్టులు ఏరుకుంటుంది. ప్లగిన్ పేరు స్ట్రింగ్‌గా వచ్చి ఇంపోర్ట్‌లిబ్ (నడుస్తుండగా పేరును బట్టి ఇంపోర్ట్ చేసే మాడ్యూల్) ద్వారా లోడయితే దాని కంటికి ఆనదు. బిల్డ్ ఏ ఎర్రరూ లేకుండా ముగుస్తుంది, వాడేవాళ్ల మెషీన్లో మాత్రం మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్. బిల్డ్ ఫోల్డర్లోని వార్న్ ఫైల్లో, అంటే దొరకని మాడ్యూళ్ల జాబితాలో, వెతికినా దాని పేరు కనిపించదు. ఉందని తెలియనిదాన్ని లేదని ఎలా రాస్తుంది?

ఈ లోటు పూడ్చేదే హుక్ ఫైలు. పేరు 'హుక్-', ఆపైన ఇంపోర్ట్ చేసే మాడ్యూల్ పేరు. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పటి ప్యాకేజీ పేరు పెడితే పనిచేయదు: ఇన్‌స్టాల్ చేసింది ఓపెన్‌సీవీ-పైథాన్ అయినా ఫైలు హుక్-సీవీ2.పై అనే ఉండాలి. పేరు తప్పితే హెచ్చరిక రాదు, హుక్ నడవదు, అంతే. ఈ డిజైన్‌కు మార్కులు కోయాల్సిందే.

ఇంకో మెలిక ఉంది. హుక్ నడవాలంటే ఆ మాడ్యూల్ ముందే విశ్లేషణలోకి వచ్చి ఉండాలి. ఎవరూ ఇంపోర్ట్ చేయని ప్లగిన్‌కు హుక్ రాసి లాభం లేదు, దాన్ని పిలిచే ప్యాకేజీ పేరు మీద రాయాలి. ఆ ఫైల్లో హిడెన్‌ఇంపోర్ట్స్‌కు (అదనంగా కలపాల్సిన మాడ్యూళ్ల జాబితాకు) కలెక్ట్_సబ్‌మాడ్యూల్స్ (ప్యాకేజీలోని మాడ్యూళ్లన్నీ ఏరే ఫంక్షన్) ఫలితం ఇస్తే సొంత ప్లగిన్ల పని అయిపోతుంది. ఎంట్రీ పాయింట్లతో (ప్యాకేజీలు తమ ప్లగిన్లను నమోదు చేసుకునే పద్ధతితో) వెతికే ప్రోగ్రాముకు అది చాలదు, ఆ నమోదు ఉండే మెటాడేటా కూడా వెళ్లాలి. అక్కడ కలెక్ట్_ఎంట్రీ_పాయింట్ వాడండి, డేటాస్ (కోడు కాని ఫైళ్ల జాబితా), హిడెన్‌ఇంపోర్ట్స్ రెండూ తిరిగిస్తుంది. డేటాస్ మీరే రాస్తే, ప్రతి జతలో మొదటిది ఫైలు, రెండోది అది వెళ్లాల్సిన ఫోల్డర్ అని మరవకండి. అక్కడ కాన్ఫిగ్.జేసన్ అని రాస్తే ఆ పేరుతో ఫోల్డరే తయారవుతుంది.

ప్యాకేజీ మొత్తాన్ని ఒక్కసారే కలిపే కలెక్ట్_ఆల్ బద్ధకస్తుల మందు. పనిచేస్తుంది, కానీ టెస్టులతో సహా అన్నీ లాగి సైజు పెంచుతుంది. కలెక్ట్_సబ్‌మాడ్యూల్స్ ప్యాకేజీలను నిజంగానే ఇంపోర్ట్ చేస్తుంది కాబట్టి, ఇంపోర్ట్ కాగానే డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే ప్యాకేజీ ఉంటే బిల్డ్ అక్కడే ఆగిపోవచ్చు. ఫిల్టర్‌తో దాన్ని తప్పించండి.

హుక్ ఫోల్డర్ దారిని స్పెక్ ఫైల్లో (బిల్డ్ సెట్టింగులుండే ఫైలు) హుక్స్‌పాత్ దగ్గర రాసి, ఇకపై స్పెక్‌తోనే బిల్డ్ చేయండి. స్క్రిప్టు పేరుతో మళ్లీ కమాండ్ ఇస్తే స్పెక్ కొత్తగా తయారై మీ మార్పులు పోతాయి. రన్‌టైమ్ హుక్ వేరే సంగతి. అది వాడేవాళ్ల దగ్గర మెయిన్ స్క్రిప్టు కంటే ముందు నడుస్తుంది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సెట్ చేయడానికి సరిపోతుంది. పైఇన్‌స్టాలర్ 6.0 నుంచి వన్‌డిర్ (అన్నీ ఒక ఫోల్డర్లో ఇచ్చే బిల్డ్) ఫైళ్లు _ఇంటర్నల్ ఫోల్డర్లోకి మారాయి. ఎక్సీ పక్కనే ప్లగిన్లు వెతికే పాత కోడు అక్కడ తప్పుతుంది, సిస్._మీపాస్ (కలిపిన ఫైళ్లున్న ఫోల్డర్ దారి) నుంచి దారి కట్టండి.

పరీక్షకు వన్‌ఫైల్ (అంతా ఒకే ఎక్సీలో), విండోడ్ (కన్సోల్ లేకుండా) రెండూ వద్దు. వన్‌డిర్‌లో, కన్సోల్ తెరిచి, క్లీన్ ఆప్షన్‌తో (పాత క్యాష్ తుడిచి) బిల్డ్ చేసి టెర్మినల్ నుంచి నడపండి. ఇంకా అంతుచిక్కకపోతే డీబగ్=ఇంపోర్ట్స్ ఆప్షన్ వాడండి, ఏ ఇంపోర్ట్ ఎక్కడ జరుగుతోందో చూపిస్తుంది. పేరున్న లైబ్రరీ విరిగితే సొంత హుక్ రాసే ముందు పైఇన్‌స్టాలర్-హుక్స్-కంట్రిబ్ (ఇతర లైబ్రరీలకు రెడీమేడ్ హుక్స్ ఉండే ప్యాకేజీ) అప్‌డేట్ చేయండి, చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

ఎక్సీ ఇచ్చేశాక వాడేవాళ్లు తమ .పై ప్లగిన్లను ఫోల్డర్లో పడేసే ప్రోగ్రాములకు మాత్రం పైఇన్‌స్టాలర్‌ను సిఫారసు చేయలేం. ఆ ప్లగిన్ సీఎస్‌వీ మాడ్యూల్ అడిగి, బిల్డ్‌లో అది లేకపోతే, స్టాండర్డ్ లైబ్రరీదే అయినా దొరకదు. రేపు ఎవరు ఏం అడుగుతారో ఏ హుక్ ఊహిస్తుంది? అలాంటి పనికి పైథాన్‌నే పూర్తిగా వెంట పంపడం మేలు.