ఆ బానెట్ కింద నాలుగు సిలిండర్ల డీజిల్: 4బీటీతో పదకొండు వేల కిలోమీటర్లు

తీర్పు ముందే చెప్పేస్తాను. పాత పికప్‌లో డీజిల్ ఇంజను వేయాలనుకునేవారికి కమిన్స్ 4బీటీ చాలా మంచి ఎంపిక. అయితే ఆ ఇంజను కొనుక్కున్నంత మాత్రాన పని మూడో వంతు కూడా పూర్తయినట్టు కాదు. మిగతా పని అంతా దాని వెనకుండే గేర్లలోనూ, దాని కింద పెట్టే రబ్బరు ముక్కల్లోనూ ఉంది. పద్నాలుగు నెలలుగా, పదకొండు వేల కిలోమీటర్లు తిప్పిన తర్వాత చెబుతున్న మాట ఇది. డీజిల్ ఇంజన్ల పనిలో నా చేతులకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. అయినా ఈ బండి నాకు కొత్త పాఠాలు చాలానే నేర్పింది.

నా బండి 1951 నాటి షెవ్రొలే 3100. అర టన్ను పికప్. తలుపు పిడిని కిందికి తిప్పి తెరవాలి. మరుసటి ఏడాది నుంచి నొక్కే బటన్లు వచ్చాయి కాబట్టి, ఆ తిప్పుడు పిడి మీద నాకు ప్రత్యేకమైన మమకారం. దీనితో పుట్టిన ఇంజను పేరు 216. ఆరు సిలిండర్లు, మూడున్నర లీటర్లు, తొంభై పైచిలుకు హార్స్‌పవర్. అందులో కనెక్టింగ్ రాడ్లకు విడి బేరింగులు ఉండవు. రాడ్డులోనే తెల్ల లోహం పోత పోసి ఉంటుంది. రాడ్డు అడుగు భాగం తిరుగుతూ ఆయిల్‌ను చిమ్ముకుంటుంది. తాపీగా నడపడానికి చక్కగా సరిపోయే ఏర్పాటే గానీ, గంటల తరబడి వేగంగా తోలడానికి చేసినది కాదు. బండి నా చేతికి వచ్చేసరికి ఆ ఇంజను లేదు, ఖాళీ ఛాసిస్ మాత్రమే మిగిలింది. ఈ మాట చెప్పడం అవసరం. బాగా నడుస్తున్న పాత ఇంజనును పీకేసి డీజిల్ పెట్టమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

4బీటీ పుట్టింది షికార్ల కోసం కాదు. రొట్టెలు పంచే వ్యాన్లలో, జనరేటర్లలో, పొలం యంత్రాల్లో రోజంతా పనిచేయడానికి పుట్టింది. 3.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టర్బో. నా దగ్గరున్న రకం 105 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ అంకె చూసి పెదవి విరిచేవాళ్లు టార్క్, అంటే తిప్పే బలం, చూడాలి: 1600 ఆర్‌పీఎం దగ్గరే దాదాపు 360 న్యూటన్ మీటర్లు. 1989 మోడల్ నుంచి డాడ్జ్ పికప్‌లలో వచ్చిన ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల ఇంజనుకు ఇది తమ్ముడు. బోరు (సిలిండరు వ్యాసం) 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 120, రెండింటికీ ఒకటే. అందుకే లోపలి భాగాలు చాలావరకు అన్నవి తమ్ముడికి పనికొస్తాయి. టైమింగ్ బెల్టు లేదు, చైను లేదు, అన్నీ గేర్లే. డీజిల్ పంపు మీదున్న, కరెంటు అందితే డీజిల్ వదిలే సోలనాయిడ్‌కు 12 వోల్టుల తీగ ఒక్కటి అందితే చాలు, ఇంజను నడుస్తుంది. ఆ తీగ తీస్తే ఆగిపోతుంది. డెబ్భై ఏళ్ల బండికి ఇంతకంటే తగిన పొత్తు ఏముంటుంది?

బరువు సుమారు 340 కిలోలు. ఎత్తు కూడా ఎక్కువే. ఆ తరం షెవ్రొలేకు బానెట్ ఎత్తుగా, ముందు ఇరుసు గట్టి దూలంలా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. బానెట్‌కు ఎక్కడా కోత పెట్టలేదు. ముందు కమాను పట్టీలకు మాత్రం ఒక్కో ఆకు అదనంగా వేశాను.

ఇక గేర్ల సంగతి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఈ ఇంజను పరుగు 2500 ఆర్‌పీఎంతో సరి. ఆపైన గవర్నరు, అంటే ఇంజను వేగానికి హద్దు పెట్టే భాగం, పట్టేస్తుంది. పాత బండి వెనక ఇరుసు నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.11, టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటి. నా టైరు వ్యాసం 71 సెంటీమీటర్లు, అంటే ఒక చుట్టుకు రెండుంపావు మీటర్ల కంటే కాస్త తక్కువ. లెక్క కట్టండి: ఇంజను గొంతు చించుకుని 2500 తిరిగినా బండి వేగం గంటకు 81 కిలోమీటర్లే! ఆ ఇరుసును అలాగే ఉంచితే కొత్త ఇంజను వేసిన సుఖమే ఉండదు. పైగా ఆ కాలపు అర టన్ను షెవ్రొలేలో గేరుబాక్సు నుంచి వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక గొట్టంలో మూసి, ఇరుసుకు బిగించి ఉంటుంది. కాబట్టి గేరుబాక్సు ఒక్కటే మార్చి ఊరుకుంటామంటే కుదరదు. ఇరుసు, షాఫ్ట్, గేరుబాక్సు మూడూ కలిసి మారాల్సిందే.

నేను ఎన్‌వీ4500 అనే ఐదు గేర్ల పెట్టె వేశాను. ఐదో గేరు 0.73. వెనక 3.55 నిష్పత్తి ఉన్న ఇరుసు. ఇప్పుడు 1800 ఆర్‌పీఎం దగ్గర బండి 93 కిలోమీటర్ల వేగంతో పోతుంది, 2000 దగ్గర 103. ఇంజను తన బలమంతా చూపే చోటే ప్రయాణమంతా సాగుతుంది. మొదటి గేరు 5.61 కాబట్టి పాకుతున్నట్టు ఉంటుంది. తొట్టి నిండా బరువుంటే తప్ప దాని జోలికి పోను, ఖాళీ బండిని రెండో గేరులోనే కదిలిస్తాను. 70 దాటేవరకు ఐదో గేరు వేయను. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేసి తొక్కితే ఈ ఇంజను లాగుతుంది, నిజమే. కానీ ఆ గుద్దులన్నీ గేరుబాక్సు భరించాలి.

నాకు కోపం తెప్పించింది మాత్రం ఇంజనును ఛాసిస్ మీద కూర్చోబెట్టే మౌంటింగ్ కిట్. ఎవరు చేశారో పేరు చెప్పను. "బోల్టు వేస్తే చాలు, సరిగ్గా కూర్చుంటుంది" అని అమ్మారు. ఎడమ బ్రాకెట్ రంధ్రం ఛాసిస్ రంధ్రానికి ఆరు మిల్లీమీటర్లు పక్కకు ఉంది. అది సరిచేసుకోగలిగాను. అసలు లోపం ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య మెత్తల్లా ఉండే బుష్‌లలో ఉంది. రాయిలాంటి గట్టి పాలియురెథేన్. నాలుగు సిలిండర్ల వరుస ఇంజనుకు ప్రతి చుట్టుకు రెండు కుదుపులు సహజం. 4బీటీలో వాటిని అణిచే బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. 750 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు 25 కుదుపులు. గట్టి బుష్ వాటన్నిటినీ తీసుకెళ్లి క్యాబిన్‌కు అప్పజెబుతుంది.

మొదటి రోజు మా మేనల్లుడు పక్క సీట్లో కూర్చుని, "మామయ్యా, అద్దంలో మన వెనకున్న గోడ రెండుగా కనిపిస్తోంది, ఒకసారి చూడు" అన్నాడు. చూశాను. అద్దం అంచే కనబడటం లేదు, మసకగా ఒక గీత ఉందంతే. తలుపు గాజు గాడిలో గణగణలాడుతోంది. మడ్‌గార్డు మీద నీళ్ల గ్లాసు పెడితే నీటి మీద వలయాలు లేవు, సన్నటి ముళ్లలా నిలబడిన చుక్కలు ఉన్నాయి. మూడో వారంలో కుడి బ్రాకెట్ వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు కనబడింది. కిట్ అమ్మినవారికి ఫొటో పంపితే, తిరిగేకొద్దీ సర్దుకుంటుందన్నారు. లోహంలో పగులు సర్దుకోవడం నా ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చూడలేదు. భారం మోసే చోట అలాంటి సరుకు అమ్మడం తప్పు. ఈ మాట గట్టిగానే అంటున్నాను.

మొత్తం ఊడదీసి, మందమైన రేకుతో బ్రాకెట్లు నేనే చేసి, జనరేటర్ల కింద వేసే మెత్తటి రబ్బరు మౌంట్లు పెట్టాను. గేరుబాక్సు కింద కూడా అదే రకం. ఇంజను ఇప్పుడు ఐడ్లింగ్‌లో పైకి బాగా ఊగుతుంది, చూసేవాళ్లు కంగారు పడతారు. కానీ అది అక్కడ ఊగితేనే క్యాబిన్ ఊగకుండా ఉంటుంది. సైలెన్సర్ గొట్టంలో ఒక సాగే ముక్క, డీజిల్ పైపులకు రబ్బరు హోసులు తప్పకుండా పెట్టాలి. ఇంజను వెయ్యి ఆర్‌పీఎం దాటాక అద్దం నిలకడగా ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. ఆరు వోల్టుల వైరింగ్ మొత్తం తీసేసి 12 వోల్టులకు మార్చాను. డీజిల్‌లో గాలిని ఆపే థ్రాటిల్ పలక ఉండదు కాబట్టి బ్రేక్ బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్ దానంతట అది రాదు. నేను పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బూస్టర్, ముందు చక్రాలకు డిస్కులు వేశాను. సీటు వెనకున్న పాత పెట్రోల్ ట్యాంకును వదిలేసి, తొట్టి కింద రిటర్న్ పైపుతో సహా కొత్తది పెట్టాను. ఇంజను మార్పును రిజిస్ట్రేషన్‌లో ఎలా చూపించాలో ముందే కనుక్కోండి.

మొదటిసారి స్టార్ట్ చేసిన సాయంత్రం గురించి మాత్రం క్లుప్తంగా చెప్పలేను. ఫిల్టర్ మీది బోల్టు ఒక చుట్టు వదిలి, లిఫ్ట్ పంపును చేత్తో కొడుతూ ఉన్నాను. ముందు నురుగు, తర్వాత బుడగలు, తర్వాత బుడగ లేని తేనెరంగు డీజిల్. బోల్టు బిగించాను. నాలుగు ఇంజెక్టర్ల పైపుల నట్లు అర చుట్టు వదులు చేసి మేనల్లుణ్ని సెల్ఫ్ కొట్టమన్నాను. ఆ నట్ల దగ్గరకు వేలు పోనివ్వకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. ఒక్కో నట్టు దగ్గర డీజిల్ ఉమ్మడం మొదలైంది. పానాతో మొదటిది బిగించాను, ఒక సిలిండరు దగ్గింది. మూడోది బిగించాను, ఇంజను తనంతట తాను కుంటుతూ తిరగసాగింది. నాలుగోది, రెండోది. రెండో నట్టు బిగిసిన క్షణంలో కుంటు పోయి, నాలుగు దెబ్బలూ సమంగా పడ్డాయి. మేనల్లుడు సెల్ఫ్ మీద నుంచి చెయ్యి తీయడం మరచిపోతే అరవాల్సి వచ్చింది.

లోటు ఏమిటంటే చప్పుడు. నేల మీద, ఇంజను గోడ మీద మందపాటి పొర వేసినా, 90 వేగంలో పక్కవారితో గొంతు పెంచే మాట్లాడాలి. దూర ప్రయాణంలో ప్రశాంతత కోరేవాళ్లు, చోటుంటే ఆరు సిలిండర్ల అన్నను చూసుకోవడం మేలు. దాని కుదుపు సహజంగానే తక్కువ. మైలేజీ నాకు లీటరుకు 9 నుంచి 10 కిలోమీటర్లు వస్తోంది. ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) ఒకసారి సెట్ చేశాను: ఇన్‌టేక్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.50. ఎనిమిదే వాల్వులు, ఒక పూట పని.

పాత ఇంజను కొనేవారు మూడు పనులు చేయండి. మొదటిది, టైమింగ్ గేర్ల గూడులో ఒక చిన్న డోవెల్ పిన్ను ఉంటుంది. ఏళ్ల తరబడి కుదుపులకు అది జారి గేర్ల మధ్య పడితే ఇంజను పోయినట్టే. ముందు కవరు విప్పి, పిన్ను జారకుండా దాని ముందు ఒక రేకు ముక్క బిగించండి. నాది దాని చోట్లోనే ఉంది, అయినా బిగించాను. రెండోది, గేర్ల గూడు పక్కనున్న ప్లేటు మీద సీపీఎల్ సంఖ్య రాసుకోండి. పంపు, టర్బో, పిస్టన్లు ఏ రకమో దాన్నిబట్టే తెలుస్తుంది. మూడోది, ఇంజను వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. మూత కాస్త వణుకుతూ అక్కడే ఉంటే బేరం మాట్లాడవచ్చు. ఎగిరి పక్కన పడితే, పిస్టన్ రింగులు అరిగిపోయాయని అర్థం. ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.