పాత స్ప్లెండర్‌కి 72 వోల్టుల మోటారు: ఏళ్ల వాడకంలో ఏది నిలిచింది, ఏది చెడింది

పెట్రోలు స్ప్లెండర్‌ని ఎలక్ట్రిక్ బండిగా మార్చుకుని వాడిన ఈ సమీక్షలో మోటారు గురించి పెద్దగా ఉండదు, ఎందుకంటే దానితో పేచీ రాలేదు. ఇంట్లో కట్టుకున్న ఎలక్ట్రిక్ బండి దారిలో మొరాయించిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఏదో ఒక అతుకే. వదులైన బస్‌బారో (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ), నీళ్లు చేరిన కనెక్టరో, సరిగా నొక్కని లగ్గో (కేబుల్ కొసకు నొక్కే లోహపు తొడుగు) అయ్యుంటుంది. కొనేటప్పుడు మాత్రం అందరూ మోటారు ఎన్ని వాట్లని అడుగుతారు, లగ్గుల ఊసెత్తరు.

బండి వివరాలివి. కార్బురేటర్ కాలం నాటి స్ప్లెండర్ ఛాసిస్. ఇంజిన్ ఉన్న చోట 3 కిలోవాట్ల క్యూఎస్ 138 మిడ్ డ్రైవ్ మోటారు, అంటే చైన్‌తో వెనక చక్రాన్ని తిప్పే రకం. 24 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ సిరీస్‌లో, ఒక్కోటి 3.2 వోల్టులు, 50 ఆంపియర్ అవర్లు. మోటారుకి కరెంటు అందించే 100 ఆంపియర్ల కంట్రోలర్. సెల్స్‌ని కాపలా కాసే జేకే కంపెనీ బీఎంఎస్ బోర్డు, అందులో సెల్స్ ఛార్జ్‌ని సమానం చేసే 2 ఆంపియర్ల యాక్టివ్ బ్యాలెన్సర్. 76.8 వోల్టులను 50తో గుణిస్తే 3,840 వాట్ అవర్లు, కరెంటు బిల్లు లెక్కలో 3.84 యూనిట్లు. ఒక్కరే గంటకు 45 కిలోమీటర్ల మీద నిలకడగా పోతే కిలోమీటరుకి 28 నుంచి 30 వాట్ అవర్లు ఖర్చవుతాయి. 60 దాటితే 38, 40కి పోతుంది, గాలి ఎదురైతే ఇంకా పైకి. అడుగున పదో వంతు వదిలేసి లెక్కేస్తే నెమ్మదిగా 115 కిలోమీటర్లు, తొందరగా పోతే 85. ఇదే సైజు ప్యాక్‌తో 150 వస్తుందని ఎవరైనా చెబితే ఎంత వేగం మీదో అడగండి.

హబ్ మోటారా, మిడ్ డ్రైవా అన్నది అందరూ అడిగే ప్రశ్న. హబ్ బిగించడం ఒక పూట పని, చైన్ గొడవ ఉండదు. కానీ బరువంతా వెనక చక్రంలోనే ఉంటుంది కాబట్టి గుంతల రోడ్ల మీద రిమ్‌కీ స్పోకులకీ తగిలే దెబ్బ ఎక్కువ. యాక్సిల్‌కి రెండు వైపులా టార్క్ ఆర్మ్ (యాక్సిల్ తిరగకుండా పట్టే పట్టీ) లేకపోతే అది స్లాట్‌లో తిరిగి తన వైర్లను తనే కోసేస్తుంది. టౌన్‌లో తిరగడానికి హబ్ చాలు. ఇద్దరితో ఫ్లైఓవర్లు, ఘాట్లు ఎక్కాలంటే నా ఓటు మిడ్ డ్రైవ్‌కే.

మిడ్ డ్రైవ్‌లో తప్పు జరిగేది గేరు నిష్పత్తి దగ్గర. స్ప్లెండర్ స్ప్రాకెట్లు ముందు 14, వెనక 44 పళ్లు, అంటే 3.14. టైరు చుట్టుకొలత దాదాపు 1.87 మీటర్లు. నిమిషానికి 4,500 చుట్లు తిరిగే మోటారును నేరుగా ఈ చైన్‌కి కలిపితే కాగితం మీద గంటకు 160 కిలోమీటర్లు వస్తుంది. నిజానికి బండి సిగ్నల్ దగ్గర కదలడానికే మూలుగుతుంది, కంట్రోలర్ కాలిపోతుంది. లోపలే 2.35 రెట్ల తగ్గింపు గేరున్న రకం తీసుకుంటే మొత్తం నిష్పత్తి 7.4 దాకా వస్తుంది, అదే మోటారు 68 దగ్గర ఆగుతుంది. ఈ ఛాసిస్‌కీ ఈ బ్రేకులకీ అది చాలు. మోటారును పట్టే ప్లేట్లు 8 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్‌వి, పాత ఇంజిన్ బోల్టుల మీదే కూర్చోవాలి. ముందు వెనక స్ప్రాకెట్లు ఒకే గీతలో, మిల్లీమీటరు తేడా లోపు ఉండాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ వాళ్లకి పాత ప్లేటు చూపిస్తే పని అయిపోతుంది. వెల్డింగ్ చేసేవాణ్ణి మాత్రం కంటితో చూసి అతికించనివ్వద్దు, చైన్ వేసి స్కేలు పెట్టి చూశాకే టాక్ (ముందుగా వేసే చిన్న అతుకు) వేయించాలి.

ఇక బ్యాటరీ. ఖర్చులో సగం పైన దీనిదే, బండి ఆయుష్షు మొత్తం దీని పెట్టె మీదే ఉంది. ఈ సెల్స్ ఒక్కోటి సుమారు 135 మిల్లీమీటర్ల వెడల్పు, 29 మందం, 185 ఎత్తు, బరువు 1.4 కిలోలు. పెట్టె, ప్లేట్లు కలిపితే 40 కిలోలు దాటుతుంది. ముందు అట్టముక్కలతో అంతే సైజు దిమ్మె చేసి ఫ్రేములో పెట్టి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, మోకాళ్లు తగులుతున్నాయేమో చూసుకున్నాకే రేకు కోయించాలి.

సెల్ ఒంటికి ఉండేది అల్యూమినియం తొడుగు, దాని మీద పలచటి నీలం ఫిల్మ్. పక్కపక్క సెల్స్ మధ్య 3.2 వోల్టుల తేడా ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ కింద కదలకుండా పడి ఉంటే ఆ ఫిల్మ్ ఎన్నేళ్లైనా ఉంటుంది. బండి మీద రోజూ అదురుతుంటే రాపిడికి చిరిగి, రెండు తొడుగులు తగులుకుంటాయి. అందుకే ప్రతి రెండు సెల్స్ మధ్యా, పెట్టె గోడల పక్కనా కరెంటు పారనివ్వని అర మిల్లీమీటరు ఎపాక్సీ షీటో హైలమ్ షీటో తప్పనిసరి. చివర రెండు వైపులా 10 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్లు పెట్టి, మరలున్న కడ్డీలతో గట్టిగా పట్టి ఉంచాలి. పిండేయకూడదు, కదలనివ్వకూడదు. పెట్టెకీ ఫ్రేముకీ మధ్య రబ్బరు బుష్‌లు వేయాలి.

బస్‌బార్ గట్టి పట్టీ అయితే మధ్యలో చిన్న వంపు ఉండాలి, లేదా అల్లిన రాగి పట్టీ వాడాలి. నట్లు టార్క్ రెంచ్‌తో, సెల్ తయారీదారు చెప్పిన మేరకే బిగించాలి. సెల్ టెర్మినల్‌లోని అల్యూమినియం మర ఒక్కసారి పోతే ఆ సెల్ పక్కన పెట్టేయాల్సిందే. బిగించాక నట్టు మీదుగా పెయింట్ మార్కర్‌తో గీత గీస్తే, తర్వాత అది కదిలిందో లేదో మూత తీయగానే కనిపిస్తుంది.

వదులైన అతుకును మూత తీయకుండానే పట్టుకోవచ్చు. బీఎంఎస్ యాప్‌లో సెల్ వోల్టేజీలు చూస్తూ థ్రాటిల్ ఇవ్వండి. ఒకే సెల్ మిగతావాటికంటే కిందికి పడిపోయి, ఛార్జింగ్ పెట్టగానే అదే సెల్ అందరికంటే పైకి లేస్తోందంటే సెల్‌ని తిట్టకండి, ముందు దాని పక్క నట్టు చూడండి. అతుకులో ఒక్క మిల్లీ ఓమ్ అడ్డు పెరిగినా 70 ఆంపియర్ల దగ్గర 70 మిల్లీ వోల్టులు అక్కడే పోతాయి, బీఎంఎస్ దాన్ని సెల్ లెక్కలో రాసేస్తుంది. దాదాపు 5 వాట్ల వేడి కూడా ఆ నట్టు కిందే పుడుతుంది. ఇలాంటి ప్యాక్‌ని ‘సెల్ వీక్ అయింది’ అని కొత్త సెల్ అంటగట్టే షాపులున్నాయి.

యాక్టివ్ బ్యాలెన్సర్‌ని 3.4 వోల్టుల పైనే పనిచేసేలా పెట్టాలి. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ మధ్యలో చదునుగా ఉంటుంది కాబట్టి, అక్కడ బ్యాలెన్స్ చేయిస్తే బాగున్న సెల్స్‌నే అది తారుమారు చేస్తుంది. ఆ చదును వల్లే వోల్టేజీ చూసి గీతలు చూపించే చవక మీటర్లు సగం దారి దాకా ఫుల్ అని చెప్పి, తర్వాత ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి. షంట్‌తో (కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్) ఆంపియర్ అవర్లు లెక్కపెట్టే మీటరే నమ్మాలి.

ఛార్జర్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. ‘72 వోల్టుల ఛార్జర్’ అని అడిగితే ఎక్కువ షాపుల్లో ఇచ్చేది 84 వోల్టులది, అది 20 ఎన్‌ఎంసీ సెల్స్ (ఇంకో రకం లిథియం సెల్స్) కోసం చేసినది. 24 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కి నిండు వోల్టేజీ 87.6. అయినా 84ని 24తో భాగిస్తే సెల్‌కి 3.5, రోజువారీ వాడకానికి అదే మేలు, సెల్స్ నాలుగు కాలాలు ఉంటాయి. కానీ అదే ఛార్జర్‌ని 20 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ ప్యాక్‌కి పెడితే సెల్‌కి 4.2 దాకా తోస్తుంది, అడ్డుకునేది బీఎంఎస్ ఒక్కటే. అది మొండికేస్తే సెల్స్ ఉబ్బుతాయి. 10 ఆంపియర్ల ఛార్జర్ గోడ నుంచి దాదాపు వెయ్యి వాట్లు గంటల తరబడి లాగుతుంది, కాబట్టి ఫోను పెట్టే సాకెట్ కాకుండా 16 ఆంపియర్లది వాడాలి. రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్ పెట్టొద్దు. పెట్టె లోపల వేడి 45 డిగ్రీల కిందికి దిగేదాకా నీడలో ఉంచి, ఆ తర్వాతే పెట్టాలి.

మెయిన్ కేబుల్ 25 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వెనక్కిచ్చేయండి. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కించాలి. సుత్తితో కొట్టి పైన సీసం పోస్తే, సీసం పోగుల్లోకి ఎక్కి అక్కడిదాకా కేబుల్ కర్రలా బిగుస్తుంది, అదురుకి ఆ అంచు దగ్గరే తెగుతుంది. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని ఇక్కడ పెట్టడం మరో అలవాటు. డీసీలో కరెంటు సున్నాకి రాదు కాబట్టి తెరుచుకున్నా ఆర్క్ ఆరదు. సోలార్ సామాన్ల షాపులో దొరికే, ప్యాక్ వోల్టేజీకి పైన రేటింగున్న డీసీ ఫ్యూజు లేదా డీసీ బ్రేకర్ కొనాలి. కంట్రోలర్ కెపాసిటర్లు నిండేటప్పుడు వచ్చే మెరుపు కనెక్టర్‌ని తినేస్తుంది. 100 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ని పుష్ బటన్‌తో రెండు మూడు సెకన్లు కలిపి, ఆ తర్వాతే మెయిన్ వేయాలి. హైదరాబాద్ వాళ్లకైతే రెసిస్టర్, బటన్ కోఠి గుజరాతీ గల్లీలో చిల్లరకి దొరుకుతాయి. పని చేసేటప్పుడు ఉంగరం, వాచీ, మొలతాడు వెండిదైతే అదీ తీసేయాలి. 87 వోల్టుల డీసీ సరదా కాదు.

వానాకాలంలో వచ్చే రోగం హాల్ సెన్సర్ (మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేది) కనెక్టర్‌ది. బండి ఉన్నచోటే వణికి, కాలితో తోస్తే కదులుతుంది. తాళం ఆన్ చేసి ఆ కనెక్టర్‌లో ఎరుపు, నలుపు వైర్ల మధ్య 5 వోల్టులు ఉన్నాయా చూడండి. తర్వాత మల్టీమీటరు నలుపు కొసను నలుపు వైరుకీ, ఎరుపు కొసను పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లకి ఒక్కొక్కటిగా పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పండి. ప్రతి వైరూ సున్నాకీ 5కీ మధ్య మారుతుండాలి. మారనిది ఏదో అదే దొంగ. సెన్సర్ మార్చే ముందు కనెక్టర్ విప్పి ఆరబెట్టి, సిలికాన్ గ్రీజు పూయండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. వైరు కనెక్టర్ దాకా రాకముందే కిందికి ఒక ఉచ్చులా వేలాడితే నీళ్లు అక్కడే జారిపోతాయి. థ్రాటిల్ నలుపు వైరు తెగితే సిగ్నల్ ఒక్కసారిగా ఫుల్‌కి పోయే ప్రమాదం ఉంది. కాబట్టి థ్రాటిల్ లోపాన్ని పట్టే కంట్రోలర్ తీసుకోవాలి, రెండు బ్రేకులకీ మోటారు ఆపే స్విచ్ ఉండాలి, వైరు హ్యాండిల్ దగ్గర మడతపడకుండా చూసుకోవాలి.

నడపడానికి బాగుంటుంది. సిగ్నల్ దగ్గర గేరు మార్చే పని లేదు, బరువు కూడా పాతదానికంటే పది పదిహేను కిలోలే ఎక్కువ. కంట్రోలర్‌లో బ్యాటరీ కరెంటు 70 ఆంపియర్లు, ఫేజ్ కరెంటు (కంట్రోలర్ నుంచి మోటారుకి పోయేది) 200 దగ్గర ఆపి, థ్రాటిల్ నెమ్మదిగా పెరిగేలా పెడితే చైన్, వెనక హబ్ డంపర్ రబ్బర్లు బతుకుతాయి. కంపెనీ సెట్టింగ్‌తో వదిలేస్తే రబ్బర్లు త్వరగా పిండి అవుతాయి. ఇంజిన్ బ్రేకింగ్ పోయింది కాబట్టి 130 మిల్లీమీటర్ల డ్రమ్ముల మీద భారం ఎక్కువ. షూలు తొందరగా అరుగుతాయి, ముందు డిస్క్ వేయించుకోవడం విలాసం కాదు.

ఘాట్ లెక్క ఒకటి. బండీ ఇద్దరు మనుషులూ కలిపి 265 కిలోలను 700 మీటర్లు ఎక్కించాలంటే, తిరుమల కొండ సుమారుగా అంతే, ఎత్తుకే అర యూనిట్ పోతుంది, రోడ్డు ఖర్చు వేరే. ఎక్కడానికి భయం లేదు. మోటారు వేడి 120 డిగ్రీల దగ్గర పవర్ తగ్గేలా పెడితే చాలు. జాగ్రత్త పడాల్సింది దిగేటప్పుడు. పైన ఫుల్ ఛార్జ్ చేసి రీజెన్‌తో (మోటారే బ్రేకు వేస్తూ బ్యాటరీని నింపే పద్ధతి) దిగితే ప్యాక్ నిండి బీఎంఎస్ తెంపేస్తుంది. పోవడానికి దారిలేని కరెంటు కంట్రోలర్ మాస్‌ఫెట్ల (కరెంటును కలిపి తెంచే భాగాలు) మీద పడుతుంది. కొండ మీద ఛార్జ్ చేస్తే రీజెన్ ఆపేసి దిగాలి.

చట్టం మాట కొనకముందే తెలుసుకోవాలి. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బండ్లకే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెట్రోలు బండిని మార్చాలంటే ఏఐఎస్ 123 అనే వాహన ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్ ఉండాలి, ఆర్టీఓ ఆర్సీలో ఇంధనం మార్చి రాయాలి, ఆ తర్వాతే ఆకుపచ్చ నంబరు ప్లేటు. ముక్కముక్కలుగా కొని కలిపిన సామానుకి ఆ ఆమోదం ఉండదు. ఆర్సీలో పెట్రోల్ అనే ఉండి సీటు కింద బ్యాటరీ ఉంటే, యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లకి క్లెయిమ్ తోసేయడానికి ఇంకో కారణం వెతుక్కోనక్కర్లేదు.