కోవర్కింగ్ స్పేస్‌లో కమ్యూనిటీ మేనేజర్: దీర్ఘకాల సభ్యుడి సమీక్ష

ఫ్రీలాన్సర్‌గా సాంకేతిక పత్రాలు రాసే నేను కొన్నేళ్లుగా కోవర్కింగ్ స్పేస్‌లలోనే, అంటే వేర్వేరు పనులవాళ్లు రుసుము కట్టి కలిసి వాడుకునే ఆఫీసుల్లోనే, పని చేస్తున్నాను. ఇలాంటి చోట్లపై వచ్చే సమీక్షలు చాలావరకు వైఫై వేగం, కుర్చీలు, కాఫీ దగ్గరే ఆగిపోతాయి. అవి ముఖ్యమే అయినా వాటి మంచిచెడ్డలు మొదటి వారంలోనే తెలిసిపోతాయి; నెలలు గడిచాక సభ్యత్వం కొనసాగించాలా, మానేయాలా అన్నది తేల్చేది మాత్రం, నా అనుభవంలో, సభ్యుల బాగోగులు చూసే కమ్యూనిటీ మేనేజర్ పనితీరే.

బయటి నుంచి చూసేవారికి ఇది రిసెప్షన్ ఉద్యోగంలా కనిపిస్తుంది. తలుపు కార్డులు ఇవ్వడం, మీటింగ్ రూమ్ బుకింగులు చూడడం, ఏసీ ఎక్కువైందని ఒకరు, చాలలేదని మరొకరు చేసే ఫిర్యాదులు వినడం, ఇన్‌వాయిస్‌లో పొరపాట్లు సరిచేయించడం అందులో ఉన్న మాట నిజమే. అయితే మంచి మేనేజర్‌ను వేరుచేసి చూపేది, ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎవరికి ఎలాంటి మనిషి అవసరమో గుర్తుపెట్టుకునే గుణం. నేను ఎక్కువకాలం ఉన్న చోట మేనేజర్, కొత్తవారిని అందరి ముందూ నిలబెట్టి పరిచయం చేసే తతంగం పెట్టుకోలేదు. నేను చేరిన కొద్దిరోజులకు నా బల్ల దగ్గరికి వచ్చి, ఎలాంటి పత్రాలు రాస్తానో, ఎంత సమయం తీసుకుంటానో, ఏ రకం పని ఒప్పుకోనో అడిగి వెళ్లారు. తర్వాత చాలాకాలం ఏమీ జరగలేదు. ఒకరోజు వైద్య పరికరాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న బృందాన్ని వెంటబెట్టుకొచ్చి, వారి యూజర్ మాన్యువల్ రాస్తున్న మనిషి మధ్యలో తప్పుకున్నారనీ, నేను చేసేది అదే పననీ రెండు ముక్కల్లో చెప్పి, కాఫీ యంత్రం దగ్గర మమ్మల్ని వదిలేసి ఆమె తన పనికి వెళ్లిపోయారు. ఆ పరిచయంతో వచ్చిన పని నా సభ్యత్వ రుసుముకు ఎన్నో రెట్లు తెచ్చింది. పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దమనిషికి ఉండాల్సిన నేర్పే ఇక్కడా కావాలి: ఎవరిని ఎవరితో కలపాలో తెలియాలి, కలిపాక పక్కకు తప్పుకోవాలి.

తగాదాలు తీర్చడం మరో పరీక్ష. అక్కడే ఒక సభ్యుడు పొద్దున్నే లాప్‌టాప్, ఛార్జర్, నీళ్ల సీసాతో ఫోన్ బూత్‌లో (కాల్స్ మాట్లాడుకోవడానికి అందరికీ ఉమ్మడిగా ఉండే చిన్న గదిలో) చేరి, సాయంత్రం దాకా అది తన సొంత క్యాబిన్ అన్నట్టు కూర్చునేవారు. మిగతావాళ్లం మెట్ల దగ్గర నిలబడి కాల్స్ మాట్లాడుకునేవాళ్లం. వాట్సాప్ గ్రూపులో చురకలు మొదలయ్యాయి. ‘దయచేసి సహకరించండి’ అంటూ అందరికీ పంపే సందేశం అసలు మనిషికి తప్ప అందరికీ గుచ్చుకుంటుంది. ఆమె అలాంటిది పంపలేదు. ఆయనతో విడిగా మాట్లాడి, రోజంతా కాల్స్‌లో ఉండాల్సిన ఉద్యోగమని తెలుసుకుని, ఎవరూ పెద్దగా వాడని చిన్న మీటింగ్ రూమ్‌ను తగ్గించిన రుసుముకు ఇప్పించారు. బూత్ తలుపుపై అరగంట పరిమితి కాగితం ఆ తర్వాతే వెలిసింది.

తర్వాత నేను మారిన చోట కుర్చీలు, గదులు అన్నీ మెరుగే. అక్కడి మేనేజర్లకు మాత్రం కొత్త సభ్యులను చేర్పించే టార్గెట్లు ఉండేవి. రోజులో ఎక్కువ భాగం చూడడానికి వచ్చినవారికి భవనం తిప్పి చూపించడంలోనే గడిచిపోయేది. ఉన్నవారి గోడు వినే తీరిక ఉండేది కాదు. ఒత్తిడి తట్టుకోలేక ఒకరు మానేస్తే మరొకరు వచ్చేవారు, వచ్చిన ప్రతివారూ నేనేం చేస్తానో మొదటి నుంచి అడిగేవారు. తప్పు వారిది కాదు, ఉద్యోగాన్ని అలా మలిచిన యాజమాన్యానిది. నిజానికి రెండు పనులూ ఒకరే చేయడం కొత్త కాదు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ బ్రాడ్ న్యూబర్గ్ వారానికి 2 రోజులు అద్దెకు తీసుకున్న స్థలంలో కోవర్కింగ్ మొదలుపెట్టినప్పుడు, ఆతిథ్యమూ, సభ్యులను వెతుక్కోవడమూ ఆయన పనులే. గుప్పెడుమంది ఉన్న గదిలో చెల్లిన ఆ పద్ధతి, వందలమంది వచ్చిపోయే భవనంలో చెల్లదు.

సాయంత్రపు కార్యక్రమాలకు నేను పెద్ద మార్కులు వేయను. ఎవరో వచ్చి ప్రసంగిస్తే విని, ఫొటో దిగి వెళ్లిపోవడం వల్ల పక్క బల్లవారి పేరు కూడా తెలియదు. సభ్యులే తమ సగంలో ఉన్న పనిని తెచ్చి చూపించుకునే మధ్యాహ్న భోజనాలు మాత్రం పనికొచ్చాయి.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసుకోవాలనుకునేవారికి ఇవేవీ పట్టవు. వారు కుర్చీ, వైఫై చూసుకుని చేరవచ్చు. మిగతావారు నెలల సభ్యత్వం కట్టే ముందు ఒక డే పాస్ తీసుకుని, మేనేజర్ సభ్యులను పేరుతో పిలుస్తున్నారో లేదో గమనించాలి. ఆ ఉద్యోగంలో ఎంతకాలంగా ఉన్నారో, అమ్మకాల బాధ్యత కూడా తమదేనా అన్నది నేరుగా అడగాలి. టూర్ చూపించేవారిని కాకుండా, కాఫీ యంత్రం దగ్గర నిలబడిన పాత సభ్యుణ్ని అడిగితే జవాబు ఇంకా త్వరగా దొరుకుతుంది.