తాగుడు మాన్పించే మాత్రకి మెదడు స్కాన్ పరీక్ష: వాలంటీర్‌గా వెళ్లొచ్చాక నా రివ్యూ

తాగుడు మాన్పించే మాత్ర పనిచేస్తుందో లేదో ఎఫ్ఎమ్ఆర్ఐలో (మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే స్కాన్‌లో) చూసే ఒక ట్రయల్‌లో చేరాను. ఎక్కడో చెప్పను, చేరదామా వద్దా అని ఊగిసలాడేవాళ్ల కోసం రాస్తున్నా.

ఉంగరం, బెల్టు, తాళాలు అన్నీ తీయించి, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టి, తలకి కాయిల్ (సిగ్నల్ పట్టే చట్రం) బిగించి లోపలికి తోస్తారు. కళ్ల పైన చిన్న అద్దం, అందులో ఫోటోలు: బీరు గ్లాసు, జ్యూసు గ్లాసు, మళ్లీ సీసా, మధ్యమధ్యలో ఉత్త ప్లస్ గుర్తు. 'ఇప్పుడు ఎంత తాగాలనిపిస్తోంది?' అని అడిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. తల కదిలితే డేటా పాడవుతుంది కాబట్టి ముక్కు దురద పెట్టినా ఓర్చుకోవాల్సిందే. చప్పుడు సంగతి ఇక అడక్కండి.

ఐడియా మాత్రం బాగుంది. మద్యం కనిపిస్తే మెదడులో ఎగిరిపడే భాగం వెంట్రల్ స్ట్రయేటమ్. మాత్ర వేసుకున్నాక అక్కడ హడావుడి తగ్గిందా అని చూస్తారు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ అనే మాత్రతో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో నిజంగానే తగ్గింది, దానికి ఒండాన్‌సెట్రాన్ (వాంతులు ఆపే మందు) కలిపి ఇచ్చినవాళ్లలోనూ తగ్గింది. వందల మందిని నెలల తరబడి గమనించే ముందు, కొద్దిమందితోనే ఈ మాత్రలో విషయం ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఇది మంచి జల్లెడ.

కానీ జల్లెడని సర్టిఫికెట్ అనుకోవడంతోనే నాకు పేచీ. రోజుకి 50 మిల్లీగ్రాముల నాల్ట్రెక్సోన్ మెదడులోని మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాలని (మార్ఫిన్ జాతి రసాయనాలు అతుక్కునే చోట్లని) దాదాపు పూర్తిగా మూసేస్తుందని పెట్ స్కాన్లలో (మందు మెదడులో ఎక్కడ అతుక్కుందో చూపే మరో రకం స్కాన్లలో) తేలింది, అయినా అది వేసుకున్న అందరూ మానేయడం లేదు కదా. అంటే మాత్ర చేరాల్సిన చోటికి చేరడం వేరు, మనిషి శనివారం సాయంత్రం సీసా ముట్టకపోవడం వేరు. పైగా ఎఫ్ఎమ్ఆర్ఐ చూసేది నరకణాలని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుని, అదీ అయిదారు సెకన్లు ఆలస్యంగా. ఒకే మనిషికి రెండుసార్లు తీస్తే ఫలితాలు సరిగా కలవడం లేదని 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది కూడా. ఇంకోటి, 1940ల చివరి నుంచి వాడుకలో ఉన్న డైసల్ఫిరామ్ అనే మాత్ర, వేసుకున్నవాళ్లు మద్యం తాగితే వాంతులు, గుండె దడ తెప్పించి భయపెట్టి ఆపుతుంది. దాన్ని ఈ ఫోటోల పరీక్షకి పెడితే ఫెయిల్ అవుతుందనే నా అనుమానం, కానీ ఇంట్లోవాళ్లు దగ్గరుండి వేయించినప్పుడు అది చాలామందికి పనికొస్తోంది.

ఇక నా సొంత ఫిర్యాదులు. నేను తాగేది బ్రాందీ, వాళ్లు చూపించినవి ఎక్కువగా వైన్, గొడుగు గుచ్చిన కాక్‌టెయిళ్లు. వాటిని చూస్తే నాకు నవ్వొచ్చింది గానీ నాలుక పీకలేదు, మరి నా స్ట్రయేటమ్ చల్లగా ఉంటే ఆ ఘనత మాత్రదా, ఫోటోలదా? రెండోది అంతకంటే పెద్దది: అంతసేపు మందు బొమ్మలు చూపించి, 'థాంక్యూ, వెళ్లొచ్చు' అని పంపేశారు. ఆ సాయంత్రం నేను పడ్డ టెన్షన్ వాళ్ల ఫారాల్లో ఎక్కడా ఉండదు. నాకిచ్చింది అసలు మాత్రో ఉత్తుత్తిదో చెప్పకపోవడం మాత్రం తప్పు కాదు, ట్రయల్ పద్ధతే అది.

అయిదుకి మూడు. చేరేవాళ్లు సంతకానికి ముందే రెండు అడగండి: మనం తాగే సరుకు ఫోటోలే పెడతారా, స్కాన్ అయ్యాక కోరిక తగ్గేదాకా ఎవరైనా పక్కన కూర్చుంటారా? ఓపియాయిడ్ రకం నొప్పి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి అన్నిటికంటే ముందు చెప్పండి, నాల్ట్రెక్సోన్‌కి వాటికి పడదు.