కార్ఖానా కాలిపోయాక ఛత్తా బజార్ ప్రెస్సులో శుభలేఖలు: పనితనం ఎలా ఉంది?

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తా బజార్‌లో తండ్రి కాలం నుంచి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు అచ్చు వేస్తున్న ఒక చిన్న ప్రెస్సు ఈమధ్య వేసవిలో అగ్నిప్రమాదానికి గురై పూర్తిగా కాలిపోయింది. ప్రస్తుతం దాని యజమాని, పక్కనే ఉర్దూ కార్డులు వేసే మిత్రుడి దుకాణంలో ఒక బల్ల వేసుకొని ఆర్డర్లు తీసుకుంటున్నారు. మా అమ్మాయి పెళ్లి శుభలేఖలు ఆ బల్ల మీదనే సిద్ధమయ్యాయి. కొత్త చోటు కుదిరేదాకా పేరు రాయవద్దని ఆయన కోరినందువల్ల ఇక్కడ ఇవ్వడం లేదు; ఆ బజారుతో పరిచయం ఉన్నవారు ఎలాగూ పోల్చుకుంటారు. పాత ఖాతాదారులు మళ్లీ అక్కడికి వెళ్లవచ్చునా అంటే, వెళ్లవచ్చు. అయితే ఏ పనికి వెళ్లాలో తెలుసుకొని వెళ్లాలి.

ముందుగా పోయినదేమిటో చెప్పాలి. ముందు గదిలో కంప్యూటరు, ఆఫ్‌సెట్ యంత్రం ఉండేవి. వెనుక గదిలో పాత ట్రెడిల్ (కాలితో తొక్కి నడిపే అచ్చుయంత్రం), గోడ పొడవునా సీసపు అచ్చుల, అంటే విడి అక్షరాల దిమ్మెల, కేసులు ఉండేవి. తెలుగు కూర్పుకు గుణింతాలు, ఒత్తులు కలుపుకొని వందల రకాల అచ్చులు కావాలి. అందులోనూ ఒక్కొక్క సైజుకు ఒక్కొక్క జత. స్వచ్ఛమైన సీసమే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆంటిమనీ, తగరం కలిసిన అచ్చు లోహానికి అంత వేడి కూడా అక్కర్లేదు. కాగితం రీములతో నిండిన గదిలో మంట ఆ వేడిని దాటడానికి ఎంతోసేపు పట్టదు. పోత ఇనుముతో చేసిన ట్రెడిల్ నిలబడింది గాని, కాగిపోయిన ఇనుము మీద నీళ్లు పడేసరికి చక్రం దగ్గర బీటవారింది. రోలర్ల ఆనవాలే మిగలలేదు. బల్ల మీది కాగితాలు ఎగరకుండా యజమాని ఇప్పుడొక సీసపు ముద్దను పెట్టుకుంటున్నారు. చేతిలోకి తీసుకొని చూస్తే దాని అంచున తిరగేసిన ‘శ్రీ’లో సగం, పక్కనే ఏదో ఒత్తు తోక ఇంకా తేటగానే ఉన్నాయి.

మీటరు బోర్డు దగ్గర షార్ట్ సర్క్యూట్‌తో మంట మొదలైందని ఆయన చెప్పారు. మొదలైంది అక్కడే అయినా పెరిగింది మాత్రం రోలర్లు కడిగే కిరోసిన్ డబ్బా, ఆ కిరోసిన్‌లో తడిసిన గుడ్డపీలికలు, కాగితపు కత్తిరింపుల బస్తాలు అన్నీ ఆ ఒక్క గదిలోనే ఉండటం వల్ల. ఇరుకు సందులో ఫైరింజన్ దూరంగానే ఆగిపోయి, పైపులు లాక్కొని రావలసి వచ్చిందట. రాత్రి తాళం వేసి ఉన్నందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు. 2025 మే 18న, అక్కడికి అంత దూరమేమీ కాని గుల్జార్ హౌజ్ దగ్గర మంటల్లో 17 మంది ప్రాణాలు పోయిన సంగతి ఎరిగినవారికి ఇది చిన్న ఊరట కాదు.

ఇన్సూరెన్సు సంగతి వింటేనే ఎక్కువ బాధ కలిగింది. బ్యాంకు అప్పుతో కొన్న ఆఫ్‌సెట్ యంత్రానికి మాత్రమే పాలసీ ఉంది; అచ్చులు, బ్లాకులు, కాగితం నిల్వ అందులో లేవు. ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు మించని చిన్న వ్యాపారాల కోసం ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. కట్టడం, యంత్రాలు, సరుకు అన్నింటినీ అందులో చేర్చుకోవచ్చు. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా అచ్చుల విషయంలో పేచీ తప్పేది కాదేమో. వాటిని కొన్నదీ తూకం మీదే, కరిగిన తర్వాత పాత సామాన్ల వ్యాపారి అడిగిందీ తూకం మీదే. కొత్తగా తెలుగు అచ్చులు పోతపోసి ఇచ్చేవారు దొరకడం గగనమైపోయిన సంగతి ఆ తూకంలోకి రాదు.

ఇక సేవ విషయం. మేము అడ్వాన్సు ఇచ్చింది ప్రమాదానికి ముందు; లెక్కల పుస్తకం కూడా కాలిపోయింది. అయినా ఆయనే ఫోన్ చేసి, “సార్, మీ పైసలు వాపస్ ఇయ్యమంటే ఇస్తా, లేకుంటే జర ఓపిక పట్టుండ్రి” అన్నారు. రసీదు అడగలేదు. మేము ఓపిక పట్టడానికే ఒప్పుకున్నాము.

ఫలితం ప్రూఫు దగ్గరే కనిపించింది. పురోహితులు పంపిన మ్యాటరులో ముహూర్తం శుక్రవారం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు అని ఉంది. ఆయన లగ్నపత్రిక పక్కన పెట్టుకొని ప్రతి పంక్తినీ పైకి చదువుతూ అక్కడ ఆగి, “ఇట్ల వేస్తే సగం మంది శుక్రవారం రాత్రి వస్తరు” అని, ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని మార్పించారు. వాట్సాప్‌లో పంపిన మ్యాటరును కంప్యూటరు కూర్పుకు వాడే డీటీపీ ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు చెదరడం మామూలే. మా కార్డులో ఒక్క ఒత్తు కూడా పక్కకు పోలేదు. ఇలా చదివి చూసే ఓపిక ఆన్‌లైన్‌లో కార్డులు వేసి పంపే సంస్థల దగ్గర నాకు కనిపించలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. సొంత యంత్రం లేనందున స్క్రీన్ ప్రింటింగు ఒక చోట, బంగారు ఫాయిలు మరొక చోట, మడత వేరొక చోట చేయిస్తున్నారు. దానితో చెప్పిన తేదీ దాటింది. రెండో విడత కార్డుల కుంకుమ రంగు మొదటి విడతకంటే ముదురుగా వచ్చింది. కొన్నింటికి వినాయకుడి తొండం దగ్గర ఫాయిలు గోరు తగిలితే లేచిపోతోంది. రంగు తేడా ఉన్నవాటికి డబ్బు తగ్గించుకున్నారు. వేలితో తడిమితే తెలిసే పాత ట్రెడిల్ అచ్చు నొక్కు మాత్రం ఇక లేదు. అదే కావాలని వెళ్లేవారికి నిరాశ తప్పదు.

అక్షరం ఎక్కువగా ఉండి తప్పు దొర్లకూడని శుభలేఖలు, గృహప్రవేశం పత్రికలు, పెద్దకర్మ కార్డులు నిస్సందేహంగా ఇవ్వవచ్చు. పెట్టెల్లో పెట్టి ఇచ్చే ఖరీదైన కార్డులకు, వారంలో చేతికి రావలసిన పనులకు వేరే చోటు చూసుకోవడం మంచిది. కార్డుకు మాకు 22 రూపాయలు పడింది, కవరుతో కలిపి. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడం ఇంకా మొదలుపెట్టలేదు. ట్రెడిల్ చక్రానికి అతుకు పెట్టించి, ఆ పనికైనా దాన్ని మళ్లీ తిప్పాలని ఆయన ప్రయత్నం.